మాంసపు అంగడి: కొనేవారి కన్ను, ప్రభుత్వ ముద్ర

భాగం – 7

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• మాంసం అమ్మకంపై ప్రాచీన భారత రాజ్యం విధించిన నియమాలను వివరించగలుగుతారు.
• 19వ శతాబ్దంలో వధశాల, అంగడి వేరుపడటానికి గల కారణాలను చెప్పగలుగుతారు.
• వలస పాలనలో మునిసిపల్ మాంసపు మార్కెట్లు ఏర్పడిన తీరును తెలుసుకుంటారు.
• తెలుగు ప్రాంతాల్లో మాంసం కొనుగోలు వెనుక ఉన్న సామాజిక, ఆర్థిక అంశాలను విశ్లేషించగలుగుతారు.

7.1 పరిచయం

ఆదివారం ఉదయం మీ ఊరి మాంసం దుకాణం ముందు నిలబడినవారిని ఒకసారి గమనించండి. ఒకరు వేలాడుతున్న పొట్టేలు తోకను చూస్తారు. మరొకరు తొడ కండను వేలితో నొక్కి చూస్తారు. ఇంకొకరు 'ఎప్పుడు కోశారు? లేతదేనా?' అని అడుగుతారు. మాంసంపై మునిసిపల్ ముద్ర ఉందా అని చూసేవారు మాత్రం చాలా తక్కువ.

చరిత్ర విద్యార్థులు ఆలోచించవలసిన విషయం ఇందులో ఉంది. కూరగాయ పుచ్చితే కోయగానే తెలిసిపోతుంది. మాంసం విషయం అలా కాదు. అది ఏ జంతువుదో, ఆ జంతువు కోస్తే చచ్చిందో, రోగంతో ముందే చచ్చిందో ముక్కలు చేసిన తర్వాత చెప్పడం కష్టం. అందువల్ల కొనేవారి తరఫున ఎవరు చూడాలి అనే ప్రశ్న ప్రతి కాలంలోనూ ఎదురైంది. దానికి మూడు రకాల సమాధానాలు వచ్చాయి. మొదటిది, కొనేవారే స్వయంగా చూసుకోవడం. రెండవది, అమ్మేవారితో ఉన్న పరిచయం, వారి మత నియమాల మీద ఉన్న నమ్మకం. మూడవది, ప్రభుత్వ తనిఖీ. మన పట్టణాల్లో నేటికీ ఈ మూడూ కలిసే ఉన్నాయి. ఎందుకు కలిసి ఉన్నాయో తెలుసుకోవడమే ఈ భాగం ఉద్దేశం.

7.2 ప్రాచీన రాజ్యం: సూనాధ్యక్షుడి నియమాలు

కౌటిల్యుని 'అర్థశాస్త్రం' రెండవ అధికరణంలో 'సూనాధ్యక్షుడు' అనే అధికారి ప్రస్తావన ఉంది. 'సూన' అంటే వధశాల. ఈ గ్రంథాన్ని సంప్రదాయం మౌర్యుల కాలానికి చెందినదిగా భావిస్తుంది. నేడున్న రూపం తర్వాతి శతాబ్దాల్లో ఏర్పడిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఏది ఏమైనా మాంసం అమ్మకం గురించి అందులో ఉన్న నియమాలు చాలా నిర్దిష్టమైనవి.

అప్పుడే వధించిన జంతువు మాంసాన్ని ఎముకలు లేకుండా అమ్మాలి. ఎముకలతో అమ్మితే ఆ మేరకు అదనంగా మాంసం ఇవ్వాలి. తూకంలో మోసం చేస్తే తగ్గించిన దానికి 8 రెట్లు చెల్లించాలి. దూడను, ఎద్దును, పాలిచ్చే ఆవును వధించరాదు. వధిస్తే 50 పణాల జరిమానా.

మన చర్చకు మరింత ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. వధశాల బయట కోసిన మాంసం, తల, కాళ్లు, ఎముకలు లేని మాంసం, దుర్వాసన వచ్చే మాంసం, తనంతట తాను చనిపోయిన జంతువు మాంసం అమ్మరాదు. అమ్మితే 12 పణాల జరిమానా. పైన ఎముకలు లేకుండా అమ్మాలన్న గ్రంథమే ఇక్కడ ఎముకలు లేని మాంసాన్ని నిషేధించడం మొదట వైరుధ్యంగా కనిపిస్తుంది. మొదటి నియమం తూకానికి సంబంధించినదనీ, రెండవది గుర్తింపుకు సంబంధించినదనీ భావిస్తే వైరుధ్యం తొలగుతుంది. తల, కాళ్లు కనిపిస్తే అది ఏ జంతువో కొనేవారికి తెలుస్తుంది. అంటే, రాజ్యం తన అధికారిని నియమించి కూడా కొనేవారి కన్నును పక్కన పెట్టలేదు.

అశోకుని మొదటి ప్రధాన శిలాశాసనం ఇందుకు భిన్నమైన దృష్టిని చూపుతుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఈ శాసనం ఉంది. గతంలో రాజు వంటశాల కోసం రోజూ లెక్కలేనన్ని ప్రాణులను చంపేవారనీ, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమేననీ, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదనీ అందులో ఉంది. కౌటిల్యుడు కొనేవారి ప్రయోజనం గురించి ఆలోచించగా, అశోకుడు జంతువు గురించి ఆలోచించాడు. ఆధునిక చట్టాల్లో ఈ రెండు ధోరణులూ కనిపిస్తాయి.

7.3 విజయనగర వీధులు, పల్లె పోగులు

శ్రీకృష్ణదేవరాయల కాలంలో, సుమారు 1520 ప్రాంతంలో, విజయనగరాన్ని సందర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్. నగరంలో రోజూ కోసే గొర్రెలకు లెక్కలేదనీ, ప్రతి వీధిలోనూ మాంసం అమ్మేవారున్నారనీ, ఆ మాంసం ఎంతో శుభ్రంగా, కొవ్వుపట్టి ఉండేదనీ రాశాడు. దీనినిబట్టి ఆనాటి నగరంలో మాంసం వీధి వీధినా దొరికే వస్తువని, అంగడి నివాసాల మధ్యనే ఉండేదని అర్థమవుతుంది.

పల్లెల్లో నిత్యం మాంసం అమ్మే అంగడి ఉండటం అరుదు. పండుగకో, జాతరకో కొన్ని కుటుంబాలు కలిసి ఒక పొట్టేలునో, మేకపోతునో కొని కోయించుకునేవి. మాంసాన్ని ఆకుల మీద 'పోగులు'గా పెట్టేవారు. ప్రతి పోగులోనూ కండ, ఎముక, కార్జం, బోటి కొంచెం కొంచెం పడేవి. డబ్బు పంటలు చేతికి వచ్చాక ఇచ్చినా సరిపోయేది. ఈ పద్ధతిలో తూకం లేదు, తనిఖీ లేదు. కానీ అందరూ బతికి ఉన్న జంతువును చూసినవారే. అది ఎవరి మందలోదో, ఎలా ఉండేదో ఊరికి తెలుసు. మోసానికి అవకాశం తక్కువ. పోగుల పద్ధతి కొన్ని గ్రామాల్లో నేటికీ కొనసాగుతున్నది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. తల, కాళ్లు లేని మాంసం అమ్మరాదన్న నియమం ఉద్దేశం ఏమై ఉంటుంది?
2. పోగుల పద్ధతిలో నమ్మకానికి ఆధారం ఏది?

7.4 వధశాల, అంగడి వేరుపడటం: పారిస్, లండన్, చికాగో

నగరాలు పెరిగేకొద్దీ జంతువు, కొనుగోలుదారు ఒకరికొకరు కనిపించకుండా పోయారు. ఈ మార్పు మొదట ఐరోపాలో స్పష్టమైంది. పారిస్‌లో కసాయివారు తమ ఇళ్ల వద్దనే జంతువులను వధించేవారు. నెపోలియన్ 1810లో జారీ చేసిన ఆజ్ఞ ప్రకారం నగరం అంచుల్లో 5 వధశాలలు నిర్మించి 1818లో ప్రారంభించారు. 1867లో లా విలెట్‌లో కేంద్ర వధశాల వచ్చింది.

లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్ శతాబ్దాలుగా పశువుల సంత. పశువుల మందలను ఇరుకు వీధుల గుండా తోలుకొని వచ్చేవారు. రద్దీ, దుర్గంధం భరించలేక 1855లో పశువుల సంతను ఇస్లింగ్టన్‌కు తరలించారు. అదే స్మిత్‌ఫీల్డ్‌లో 1868లో హొరేస్ జోన్స్ రూపకల్పన చేసిన కొత్త మార్కెట్ ప్రారంభమైంది. అందులో కోసి తెచ్చిన మాంసం మాత్రమే అమ్మేవారు. కింద రైలు మార్గం ఉండేది. దూర ప్రాంతాల్లో కోసిన మాంసం రైలులో నేరుగా మార్కెట్‌కు చేరేది. 1882లో న్యూజిలాండ్ నుంచి 'డునెడిన్' అనే నౌకలో గడ్డకట్టించిన మాంసం లండన్ చేరింది. అప్పటి నుంచి జంతువు పెరిగిన ఖండం వేరు, తినేవారి ఖండం వేరు అయింది.

అమెరికాలోని చికాగోలో 1865లో ప్రారంభమైన యూనియన్ స్టాక్‌యార్డ్స్ ఈ వేర్పాటును పరాకాష్ఠకు చేర్చింది. అక్కడి కర్మాగారాల్లోని అపరిశుభ్రతను, కార్మికుల దుస్థితిని అప్టన్ సింక్లెయిర్ 1906లో 'ది జంగిల్' నవలలో చిత్రించాడు. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం మాంస తనిఖీ చట్టం చేసింది. వధకు ముందు జంతువును, వధ తర్వాత కళేబరాన్ని పరీక్షించడం తప్పనిసరి అయింది.

ఈ మూడు నగరాల అనుభవంలో ఒక క్రమం కనిపిస్తుంది. వధ కంటికి దూరమైంది. కొనేవారు తమ పరీక్షాశక్తిని కోల్పోయారు. ఆ లోటును పూరించే బాధ్యత ప్రభుత్వంపై పడింది. మాంసంపై వేసే ముద్రకు అర్థం ఇదే: 'మీరు చూడలేనిది మీ తరఫున మేము చూశాము' అని ప్రభుత్వం ఇచ్చే హామీ.

7.5 వలస పాలన: కంటోన్మెంటు, మునిసిపల్ మార్కెట్

ఈ హామీ భారతదేశానికి మొదట సైన్యం కోసం వచ్చింది. 1857 తర్వాత బ్రిటిష్ సైనికుల ఆరోగ్యం ప్రభుత్వాన్ని కలవరపెట్టింది. 1863లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ భారతదేశంలోని బ్రిటిష్ సైనికుల్లో ఏడాదికి ప్రతి 1000 మందికి 69 మంది మరణిస్తున్నారని, అందుకు యుద్ధాల కంటే రోగాలే ప్రధాన కారణమని తేల్చింది. 1864లో కంటోన్మెంట్ల చట్టం వచ్చింది. సైనిక స్థావరాల్లో పారిశుధ్యం, బజారులు, వధ నియంత్రణలోకి వచ్చాయి. 1806లో ఏర్పడిన సికిందరాబాద్ దక్షిణాదిలోని పెద్ద సైనిక స్థావరాల్లో ఒకటి.

తర్వాత ఈ ఆలోచన నగరాలకు విస్తరించింది. బొంబాయిలో 1869లో క్రాఫర్డ్ మార్కెట్, కలకత్తాలో 1874లో హాగ్ మార్కెట్, మద్రాసులో 1900లో మూర్ మార్కెట్ ప్రారంభమయ్యాయి. పైకప్పు, గాలి, వెలుతురు, కడగడానికి వీలైన నేల, వరుసగా అంగళ్లు వీటి లక్షణాలు.

మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టం తర్వాత మునిసిపాలిటీలు ఏర్పడ్డాయి. గుంటూరు మునిసిపాలిటీ 1866 నాటిది. 1884, 1920 సంవత్సరాల జిల్లా మునిసిపాలిటీల చట్టాలు వధశాలలపై, మాంసం అంగళ్లపై మునిసిపాలిటీలకు అధికారం ఇచ్చాయి. 1939లో వచ్చిన మద్రాసు ప్రజారోగ్య చట్టం మరో మెట్టు.

అయితే మునిసిపాలిటీకి మార్కెట్ ఆదాయ వనరు కూడా. మార్కెట్ 'ఆశీలు' వసూలును, వధశాల రుసుమును వేలం వేసే పద్ధతి బలపడింది. వేలంలో పాడుకున్న గుత్తేదారుకు ఎన్ని జంతువులు వచ్చాయన్నది ముఖ్యం. అవి ఆరోగ్యంగా ఉన్నాయా అన్నది కాదు. ఆరోగ్యం కోసం పుట్టిన వ్యవస్థ ఆదాయం కోసం నడవడం ఇక్కడి ప్రత్యేకత. ప్రజల దృష్టిలో మునిసిపల్ ముద్రకు విలువ రాకపోవడానికి గల కారణాల్లో ఇది ఒకటి.

7.6 తెలుగు పట్టణాల మాంసపు మార్కెట్

7.6.1 కొనడంలోని విద్య

కోస్తాలో వేటమాంసం, తెలంగాణలో యాటకూర అని పేరేదైనా కొనే పద్ధతి దాదాపు ఒకటే. కళేబరాన్ని వేలాడదీసినప్పుడు తోకను, మగ జంతువు గుర్తును తీసివేయరు. గొర్రెకూ మేకకూ తేడా తోకతో తెలుస్తుంది. పోతో, ఆడదో మిగిలిన గుర్తుతో తెలుస్తుంది. తలకాయలను, కాళ్లను పక్కనే పేర్చి ఉంచుతారు. కౌటిల్యుడు చెప్పిన నియమం గురించి వినకపోయినా అంగడివారు అదే పని చేస్తున్నారు. కొనేవారు చూసే హక్కును వదులుకోలేదు కాబట్టి అమ్మేవారు చూపించే అలవాటును వదులుకోలేదు.

'అప్పుడే కోసినది' కావాలన్న పట్టుదలను వెనుకబాటుతనంగా భావించడం సరికాదు. లండన్, చికాగోలలో వధశాల దూరం జరిగినప్పుడు మంచు, చల్లని పెట్టెలు, రైలు దాని వెంట వచ్చాయి. మన చిన్న పట్టణాల్లో వధశాల దూరం జరిగింది కానీ మాంసాన్ని చల్లగా ఉంచే ఏర్పాటు దానితో పాటు రాలేదు. అటువంటి చోట తాజాదనమే కొనేవారికి మిగిలిన రక్షణ. కోడిని కళ్ల ముందే కోయించుకోవడం వెనుక ఉన్న తర్కం కూడా ఇదే.

తూకం విషయంలో మాత్రం ప్రభుత్వం పూర్తిగా విజయం సాధించింది. సేరు, వీశె వంటి పాత తూకాలు ప్రాంతానికొక తీరుగా ఉండేవి. ఆంధ్ర ప్రాంతపు వీశె సుమారు 1.4 కిలోలు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తర్వాత 1958 నుంచి దశలవారీగా కిలో వాడుకలోకి వచ్చింది. నేడు కిలోను అనుమానించేవారు లేరు; త్రాసును అనుమానించేవారే ఉన్నారు.

7.6.2 అమ్మేవారు, సామాజిక అంతరాలు

మాంసం అమ్మకం తెలుగు ప్రాంతాల్లో ఎక్కువగా ఆరె కటిక, ఖురేషీ వంటి సమూహాల వృత్తి. హలాల్ పద్ధతిలో కోసిన మాంసమే ముస్లింలు కొంటారు. ఆ నియమం పాటించే దుకాణంలో ఇతరులు కూడా కొనడం మన పట్టణాల్లో సర్వసాధారణం. బతికి ఉన్న జంతువునే కోయాలని, రక్తం పూర్తిగా పోవాలని ఆ పద్ధతి కోరుతుంది. అందువల్ల చనిపోయిన జంతువు మాంసం కాదన్న హామీ కూడా అందులో ఉంది.

సమాజం ఆ వృత్తి మీద ఆధారపడింది, కానీ వృత్తిదారులకు గౌరవం ఇవ్వలేదు. 'కసాయి' అనే వృత్తి పేరు తెలుగులో దయలేనివాడికి పర్యాయపదంగా మారింది. వారి జీవనాధారం న్యాయస్థానాల దాకా వెళ్లింది. 1958లో మహమ్మద్ హనీఫ్ ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు గోవధపై పూర్తి నిషేధాన్ని సమర్థించింది. పనికిరాకుండా పోయిన ఎద్దుల వధపై పూర్తి నిషేధం మాత్రం కసాయివారి వృత్తి హక్కుపై సమంజసం కాని ఆంక్ష అని చెప్పింది. ఈ రెండవ అభిప్రాయాన్ని 2005లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మార్చింది.

ఏ మాంసం తింటారన్నది కుల అంతరాలకు కొలబద్దగా కూడా మారింది. చనిపోయిన పశువును ఊరి నుంచి తొలగించే విధిని కొన్ని కులాలపై మోపి, ఆ మాంసం తిన్నందుకు వారినే నిందించారు. 1927లో మహద్ సమావేశంలో డా. బి.ఆర్. అంబేద్కర్ చనిపోయిన పశువు మాంసాన్ని విడిచిపెట్టమని పిలుపునిచ్చారు. 1948లో ప్రచురించిన 'ది అన్‌టచబుల్స్' గ్రంథంలో అంటరానితనం పుట్టుకను గోమాంస భక్షణతో ముడిపెట్టి చర్చించారు.

ఇందులో ఆరోగ్య కోణం కూడా ఉంది. పశువులకు వచ్చే దొమ్మరోగం, చనిపోయిన జంతువును కోసినవారికి, తిన్నవారికి సోకుతుంది. తనంతట తాను చచ్చిన జంతువు మాంసం అమ్మరాదన్న ప్రాచీన నియమం అంగడిలో కొనగలిగినవారిని కాపాడింది. అంగడి బయట ఉంచబడినవారికి ఆ రక్షణ అందలేదు.

7.6.3 మారిన మంద

మార్కెట్ ప్రభావం గొర్రెల పెంపకం మీద కూడా పడింది. దక్కను పీఠభూమిలోని దక్కని జాతి గొర్రె ఉన్నికి ప్రసిద్ధి. కురుమలు ఆ ఉన్నితో గొంగళ్లు నేసేవారు. గొంగడికి గిరాకీ తగ్గి, మాంసానికి ధర పెరిగేకొద్దీ, ఉన్ని లేకపోయినా ఎత్తుగా, త్వరగా పెరిగే నెల్లూరు రకం వైపు కాపరులు మొగ్గారు. పట్టణాల్లో ఆదివారం గిరాకీ పల్లెలోని మంద స్వరూపాన్నే మార్చింది.

2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.43 కోట్ల గొర్రెల్లో తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీపై 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున పంపిణీ చేసే పథకం ప్రారంభించింది. హైదరాబాద్‌లోని జియాగూడ వంటి మార్కెట్లు ఈ మందలను నగర దుకాణాలతో కలుపుతున్నాయి.

7.7 చట్టం, ఆచరణ

జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని కింద 2001లో వధశాల నియమాలు చేశారు. వాటి ప్రకారం ఒక జంతువు చూస్తుండగా మరొక దానిని వధించరాదు. చూలుతో ఉన్నవాటిని, 3 నెలల లోపు పిల్లలను వధించరాదు. పశువైద్యుడు గంటకు 12 జంతువులకు, రోజుకు 96 జంతువులకు మించి పరీక్షించరాదు. అశోకుని దయ, కౌటిల్యుని జాగ్రత్త ఇక్కడ ఒకే నియమావళిలో కలిశాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. ఒక పట్టణానికి ఆదివారం 400 గొర్రెలు కావాలనుకుందాం. అంగళ్లు తెరవడానికి ముందు వధకు 4 గంటల సమయం ఉందనుకుందాం. ఒక వైద్యుడు ఆ సమయంలో 48 జంతువులను మాత్రమే పరీక్షించగలడు. అంటే కనీసం 9 మంది వైద్యులు కావాలి. అంతమంది లేనిచోట రెండు మార్గాలే మిగులుతాయి: పరీక్షించకుండా ముద్ర వేయడం, లేదా ముద్ర లేకుండా అమ్మడం. దుకాణదారును మాత్రమే తప్పుపట్టి లాభం లేదని ఈ లెక్క చెబుతుంది.

వైద్యుని పరీక్ష అనవసరమని దీని అర్థం కాదు. ఊపిరితిత్తుల్లోని క్షయ గడ్డలను, కాలేయంలోని జలగలను, కండలోని పురుగు తిత్తులను వైద్యుడు వెతికి పట్టుకుంటాడు. దుకాణంలో కార్జం ఒకచోట, కండ మరొకచోట చేరాక ఏది ఏ జంతువుదో కొనేవారికి తెలియదు. ఏ జంతువు మాంసమో తేల్చవలసివస్తే ప్రయోగశాలను ఆశ్రయించాలి. 1999లో ఏర్పడి, హైదరాబాద్ శివార్లలోని చెంగిచెర్లలో పనిచేస్తున్న జాతీయ మాంస పరిశోధన సంస్థ డి.ఎన్.ఎ. ఆధారంగా దీనిని నిర్ధారిస్తుంది. తల, కాళ్లు చేసిన పనిని ఇప్పుడు ప్రయోగశాల చేస్తున్నది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. మునిసిపల్ ముద్ర దేనికి హామీ?
2. 'అప్పుడే కోసిన' మాంసం కావాలనడానికి కారణం ఏమిటి?

7.8 సారాంశం

మాంసపు అంగడి చరిత్ర ప్రధానంగా నమ్మకం చరిత్ర. పల్లెలో నమ్మకానికి ఆధారం కళ్ల ముందున్న జంతువు. పట్టణంలో తెలిసిన దుకాణదారు, అతడు పాటించే నియమం. ఆధునిక నగరంలో ప్రభుత్వ ముద్ర. పారిస్, లండన్, చికాగోలలో మొదటి ఆధారం పోయినప్పుడు మూడవది, ఆలస్యంగానైనా, దాని స్థానంలోకి వచ్చింది. మన దేశంలో మూడవది చట్టంలో వచ్చింది కానీ అంగడిలో పూర్తిగా రాలేదు. అందువల్ల మన కొనుగోలుదారు తోక చూడటం మానలేదు. వధశాలను ఊరికి దూరంగా జరిపి, తనిఖీని మాత్రం కాగితం మీదే ఉంచితే కొనేవారికి తమ కన్నూ ఉండదు, ప్రభుత్వ కన్నూ ఉండదు. మార్కెట్ల ఆధునికీకరణ గురించి చర్చించే ప్రతి సందర్భంలోనూ గుర్తుంచుకోవలసిన విషయం ఇది.

7.9 ముఖ్యపదాలు

సూనాధ్యక్షుడు: వధశాలలను, మాంసం అమ్మకాన్ని పర్యవేక్షించే ప్రాచీన అధికారి.
కబేళా: పశువధశాల.
కళేబరం: వధించిన తర్వాత ముక్కలు చేయని జంతువు శరీరం.
పోగు: సమంగా పంచిన మాంసపు వాటా.
ఆశీలు: మార్కెట్‌లో అమ్మేవారి నుంచి వసూలు చేసే రుసుము.
దొమ్మరోగం: పశువుల నుంచి మనుషులకు సోకే ప్రాణాంతక అంటువ్యాధి.

7.10 నమూనా ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 19వ శతాబ్దంలో వధశాల, అంగడి వేరుపడటాన్ని, దాని ఫలితాలను చర్చించండి.
2. తెలుగు పట్టణాల్లో మాంసం కొనుగోలుకు సంబంధించి మూడు రకాల నమ్మకాలు ఒకేసారి కొనసాగడానికి కారణాలు విశ్లేషించండి.

ఆ. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అర్థశాస్త్రంలోని మాంస విక్రయ నియమాలు
2. మార్కెట్ ఆశీలు వేలం ప్రభావం
3. దక్కని గొర్రెల పెంపకంలో వచ్చిన మార్పు

ఇ. అభ్యాసం
మీ ఊరి మాంసం మార్కెట్‌ను ఒక ఆదివారం ఉదయం సందర్శించండి. కొనేవారు ఏమి చూస్తున్నారో, ఏమి అడుగుతున్నారో రాసుకోండి. దుకాణదారును అనుమతి అడిగి, జంతువు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడ కోశారో తెలుసుకోండి. మీ ఇంట్లోని పెద్దలు తమ చిన్నతనంలో మాంసం ఎలా తెచ్చుకునేవారో అడిగి, రెండింటినీ పోల్చి రెండు పేజీల వ్యాసం రాయండి.